కుర్చీ ముందుకొచ్చి చెప్పేది

ప్రింటర్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాలకు ఒక వాసన ఉంటుంది. కొంచెం ఇస్త్రీ బట్టల వాసన, కొంచెం మాడిన రొట్టె వాసన. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటాయి. ఇవాళ పొద్దున ఆక్లాండ్ సిటీ సెంటర్‌లోని మా ఆఫీసులో, కొత్తగా చేరబోయే ఒకమ్మాయి కోసం కాగితాలు తీస్తుంటే ఆ వేడి అరచేతికి తగిలింది. నిజానికి ఇప్పుడు ఇవేవీ ప్రింట్ తీయక్కర్లేదు. ఫోన్‌లో నాలుగుచోట్ల వేలు నొక్కితే ఉద్యోగంలో చేరిపోయినట్టే. నేనే పట్టుబట్టి కాగితాల మీద తీస్తాను, పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్కటీ చదివి చెబుతాను. నా కింద పనిచేసే పిల్లలు చాటుగా నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ, నాకేం పోయింది.

ఆ వేడి తగిలినప్పుడల్లా నాకు రెండు గుర్తొస్తాయి. ఒకటి, నేను చేసిన తప్పు. రెండోది, ఆ తప్పును నా చేతే దిద్దించిన కరుణమ్మ ఆంటీ. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ మనిషి. నడిస్తే మాత్రం వరండా మొత్తం ఆవిడదే అన్నట్టు ఉండేది. ఆవిడ గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క రాలేదు. రావాల్సింది. రాలేదు కాబట్టి నేను రాస్తున్నాను, గర్వంగానే రాస్తున్నాను.

నేను ఏలూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లని. డిప్లొమా అయ్యాక, 2005లో, ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో ఒక రెస్ట్ హోమ్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఒంటరి వృద్ధులను చూసుకునే చోటది. జీతాలు లెక్క కట్టడం, కొత్తగా చేరినవాళ్ళ కాగితాలు చూడడం నా పని. కరుణమ్మ ఆంటీ అక్కడ కేర్‌గివర్. చీరాల దగ్గర మిషన్ ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి, తొంభైల్లో భర్తతో ఇక్కడికి వచ్చింది. ఆ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లలేదు. భర్త పోయాక, నర్సుగా చేసిన చేతులతోనే కేర్‌గివర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. దాని గురించి ఆవిడ వాపోగా నేనెన్నడూ వినలేదు. యూనిఫాం మాత్రం రోజూ గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుని వచ్చేది. న్యూజిలాండ్‌లో గంజి పెట్టిన యూనిఫాం ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలియదు.

చేరిన మొదటి వారంలోనే నాకు ఆవిడ చేత తలంటు అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ మనుషులు చాలక హడావిడిగా ఉంటే, సాయం చేద్దామని ఆఫీసులోంచి బయటికొచ్చి, కిటికీ దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన వీల్‌చైర్ వెనక్కి వెళ్ళి తోయబోయాను. ఆయన ఉలిక్కిపడి రెండు చేతులతో కుర్చీని పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఆయన్ని అడిగేవా?" వెనక నుంచి ఆంటీ గొంతు.

"లంచ్ టైమ్ అయింది కదా ఆంటీ, తీసుకెళ్దామనీ..."

"టైమ్ అయిందని నీకు తెల్సు. ఆయనకి తెల్సా?"

నన్ను పక్కకు జరిపి ఆవిడ కుర్చీ ముందుకొచ్చింది. మోకాళ్ళ నొప్పులతోనే కిందికి వంగి, ఆయన కళ్ళకు ఎదురుగా తన ముఖం పెట్టి, భోజనానికి వెళ్దామా అని నెమ్మదిగా అడిగింది. అడిగి ఊరుకుంది. ఆయన ఆవిణ్ణి చూశాడు, కిటికీ చూశాడు, మళ్ళీ ఆవిణ్ణి చూశాడు. నిమిషం పట్టింది. అప్పుడు తలూపాడు.

"వెనకమాల్నుంచి ఎవర్నీ తొయ్యకూడదమ్మా," అంది నాతో. "ముందుకొచ్చి, కళ్ళల్లోకి చూసి, ఏం చెయ్యబోతున్నావో చెప్పాలి. చెప్పి ఆగాలి. ఆయన తలూపాకే చక్రం కదలాల."

ఇలా ఒక్కొక్కరి తలూపు కోసం కాచుకుంటే మధ్యాహ్న భోజనం సాయంత్రానికి గానీ పూర్తవ్వదని మనసులో అనుకున్నాను. కానీ రోజూ అందరికంటే ముందు డైనింగ్ హాల్లో ఉండేది ఆంటీ చూసుకునేవాళ్ళే. ఆవిడ చెయ్యి వేస్తే విదిలించుకునేవాళ్ళు, అరిచేవాళ్ళు ఒక్కరూ లేరు. మిగతా కేర్‌గివర్లకు ఇదంతా చాదస్తంలా కనిపించేది. నాకూ అప్పట్లో అలాగే కనిపించిందని ఒప్పుకుంటున్నాను.

మరుసటి ఏడు ప్రభుత్వం కివీసేవర్ అనే రిటైర్మెంట్ పొదుపు పథకానికి చట్టం తేబోతోందని అందరూ మాట్లాడుకోవడం మొదలైంది. అప్పటిదాకా మా రెస్ట్ హోమ్‌లో రిటైర్మెంట్ స్కీమ్ అనేది ఆఫీసులో పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ళకే ఉండేది. వాళ్ళ జీతంలోంచి కొంత, యాజమాన్యం కొంత. వార్డుల్లో వంగి లేచే ఆడవాళ్ళకు ఏమీ లేదు. అరవై ఐదేళ్ళు దాటితే ప్రభుత్వం అందరికీ ఇచ్చే పెన్షన్ ఒక్కటే గతి. కొత్త చట్టం వస్తే ఏ ఉద్యోగంలో కొత్తగా చేరినా, కేర్‌గివరైనా మేనేజరైనా, వాళ్ళంతట వాళ్ళే వద్దంటే తప్ప పథకంలో చేరినట్టే. ఈ దేశంలో మంచి అలవాటు ఒకటుంది. చట్టం చేసే ముందు ఎవరైనా సరే వచ్చి పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని తమ మాట చెప్పొచ్చు. మా యూనియన్ వాళ్ళు టీ రూమ్‌లోకి వచ్చి, కేర్‌గివర్లలో ఎవరైనా వెల్లింగ్టన్ వచ్చి మాట్లాడతారా అని అడిగారు. అందరూ టీ కప్పుల్లోకి చూశారు. కరుణమ్మ ఆంటీ చెయ్యెత్తింది.

"నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఈ పిల్ల రాసిపెడ్తది," అని నన్ను చూపించింది. నన్ను అడగలేదు! తరవాత ఆ మాటే అంటే, "అడిగేన్లే, నువ్వు తలూపేవు, నేన్జూశా," అని దబాయించింది.

రెండు వారాల పాటు టీ బ్రేకుల్లో ఆవిడ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. అంతా అయిపోయిందనుకున్నాక ఆవిడ ఇంకో మాట పెట్టమంది. "ఫారం ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. మాలాంటోళ్ళకి ఇంగ్లీషులో నాలుగు పేజీలు ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టు అంటే పెట్టేస్తాం. అది ఒప్పుకోవడం కాదు." ఆ వాక్యాన్ని నా వేళ్ళతో నేనే కొట్టాను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత నా పరువు తీసేది ఇదే.

వెల్లింగ్టన్‌లో విమానం దిగేసరికి గాలి మనుషుల్ని మోసుకుపోయేలా ఉంది. ఆంటీ నీలంరంగు చీర మీద కార్డిగన్ వేసుకుని, కొంగు నడుముకు బిగించింది. హార్బర్ పక్కగా నడుస్తూ, చివరిసారి చూసుకుందామని నేను సంచిలోంచి కాగితాలు తీశాను. తెలివైన పనే! రెండో పేజీ నా చేతిలోంచి లేచి, రోడ్డు దాటి, గంగపాలైంది. నేను దాని వెనకే రోడ్డు అంచుదాకా పరిగెత్తాను. ఆంటీ మాత్రం నీళ్ళవైపు చూసి, "పోనీలే, చేపలకి కూడా తెలియాల గదా," అంది.

కమిటీ గది నేననుకున్నంత పెద్దది కాదు. గుర్రపునాడా ఆకారంలో బల్ల, చుట్టూ సభ్యులు. ఆంటీ మొదటి పేజీ చదివింది. రెండో పేజీ దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, తన ఇంగ్లీషులో తన మాటలే చెప్పడం మొదలెట్టింది. పదమూడేళ్ళుగా ఇతరుల ముసలితనాన్ని చూసుకుంటున్నానంది. తనతో పనిచేసే ఆడవాళ్ళ ముసలితనాన్ని ఎవరు చూస్తారని అడిగింది. ఫారం పక్కన మనిషి కూర్చోవాలన్న మాట కూడా చెప్పింది. వ్యాకరణం అక్కడక్కడా కుంటింది. గదిలో మాత్రం ఎవరూ కాగితాలు తిప్పలేదు.

ఒక సభ్యుడు మర్యాదగానే అడిగాడు, ఈ పథకం వల్ల మీకు వ్యక్తిగతంగా ఏం మేలు జరుగుతుంది అని.

"నాకేమీ జరగదండీ," అంది ఆంటీ. "ఇది మొదలయ్యేనాటికి నాకు అరవై ఐదు దాటతాయి. నన్ను చేర్చుకోరు. నా తరవాత ఆ కుర్చీలు తోసేవాళ్ళ కోసం వచ్చాను."

ఆ సభ్యుడు కలం కింద పెట్టాడు. ఆవిడ మాట వల్ల చట్టంలో ఒక్క అక్షరమైనా మారిందో లేదో నాకు తెలియదు. చట్టం చేసేవాళ్ళు చీరాల నర్సు మాటను చివరిదాకా విన్నారన్నది మాత్రం నా కళ్ళారా చూశాను.

2007 జూలైలో పథకం మొదలైంది. ఇక నా ఘనకార్యం చెప్పాలి.

మా మేనేజర్ పేరు గ్రెగ్. చెడ్డవాడు కాదు, పైవాళ్ళకు భయపడే మనిషి. వచ్చే ఏప్రిల్ నుంచి ప్రతి సభ్యురాలికీ యాజమాన్యం కూడా తన వాటా వేయాలని తెలిశాక, పైనుంచి అతనికి ఏదో మాట వచ్చి ఉంటుంది. పథకం వద్దనుకునేవాళ్ళు ఉద్యోగంలో చేరిన రెండు వారాల తరవాతే, ఎనిమిది వారాల లోపు, ఆ మాట ఒక ఫారం మీద రాసివ్వాలి. చట్టం అలాగే చెప్పింది. గ్రెగ్ ఆ ఫారాన్ని మొదటి రోజు ఇచ్చే కాగితాల కట్టలోనే కలిపేయమన్నాడు. సంతకం చేయించి తేదీ ఖాళీగా ఉంచితే, రెండు వారాలయ్యాక నేను వేసేయాలి. "అందరూ ఎలాగూ వద్దంటారు, పని తగ్గుతుంది," అన్నాడు.

నేను చేశాను. కాగితాలు ఇంకా వేడిగా ఉండగానే, సంతకం చేయాల్సిన చోటల్లా పసుపు చీటీ అంటించి ముందు పెట్టేదాన్ని. మన ఆడవాళ్ళైతే చదివేవాళ్ళే కాదు, ఎదురుగా తెలుగు పిల్ల కూర్చుంది కదా అని ధీమా. ఇదేంటని ఎవరైనా అడిగితే, "ఊరికే ఫార్మాలిటీ" అనేదాన్ని. నాకు నేను చెప్పుకున్న సాకులు బోలెడు. వీళ్ళంతా ఇంటికి డబ్బు పంపుకునేవాళ్ళు, జీతంలో నూటికి నాలుగు పోతే బాధపడతారు, ఎప్పటికైనా ఇండియా వెళ్ళిపోయేవాళ్ళే. అసలు కారణం వేరే. నేను వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న నా రెసిడెన్సీ ఫైలు అప్పటికే ఇమ్మిగ్రేషన్‌లో ఉంది, దాని ప్రాణమంతా ఈ ఉద్యోగంలో, గ్రెగ్ ఇచ్చే ఉత్తరంలో ఉంది. ఉద్యోగం పోతే నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

అలా అక్టోబరు దాకా పదకొండు సంతకాలు చేయించాను. పదకొండోది సునీతది. వరంగల్ పిల్ల, భర్తతో పాటు రెసిడెన్సీ మీద వచ్చి కేర్‌గివర్‌గా చేరింది. కాపీలు ఇంటికి పట్టుకెళ్ళి భర్తకు చూపిస్తే, ఆయన చదివి కంగారుపడ్డాడట. మర్నాడు సునీత ఆ కాగితం పట్టుకుని కరుణమ్మ ఆంటీ దగ్గరికి పోయింది. "ఆంటీ, గిదేందో జర చూడుండ్రి. అక్క సంతకం పెట్టమంటే పెట్టిన," అందట. ఆ 'అక్క' నేనే.

మిగతావాళ్ళనూ అడిగి తెలుసుకుని, మధ్యాహ్నం ఆంటీ ఆఫీసు గుమ్మంలో నిలబడి నన్ను రమ్మంది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది. వరండాలో ఒక ఖాళీ వీల్‌చైర్ ఉంది. "కూర్చో," అంది. ఏదో ఆట అనుకుని నవ్వుతూ కూర్చున్నాను. ఒక్క మాట చెప్పకుండా వెనక నుంచి తోసింది. మెల్లగా కాదు. వరండా గోడలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి, మలుపు దగ్గర తలుపు ఎదురొస్తోంది. నేను రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, "ఆంటీ! ఆంటీ!" అని అరిచాను. తలుపుకు రెండడుగుల దూరంలో ఆపింది.

"భయమేసిందా?"

నా చేతులు ఇంకా కుర్చీని వదల్లేదు.

అప్పుడు ముందుకొచ్చింది. వంగింది. నా కళ్ళకు ఎదురుగా ఆవిడ ముఖం. "పదకొండు మందిని ఇట్టా తోసేవమ్మా. వెనకమాల్నుంచి. వెల్లింగ్టన్లో నేన్చెప్పిన మాట టైపు చేసింది నువ్వే గదా. నీకు చదువొచ్చని వాళ్ళు నిన్ను నమ్మేరు."

"నా ఫైలు సంగతి మీకు తెలుసు కదా ఆంటీ. గ్రెగ్‌కి ఎదురు చెప్తే నేను ఇంటికి పోవాల్సిందే."

"తెల్సు. అందుకే నిన్ను తొయ్యను. ఇప్పుడేం చేద్దామనుకుంటున్నానో చెప్తా విను. ఆ పదకొండు మంది దగ్గిరికీ పోయి, కూర్చుని, మొత్తం చదివి చెప్పాల. చేరతారో మానతారో వాళ్ళిష్టం. ఆ తరవాత గ్రెగ్‌కి చెప్పాల, ఇంక ఇట్టా చెయ్యనని. నువ్వొస్తే ఇద్దరం పోదాం. రానంటే నేనొక్కదాన్నే పోతా, నీ పేరు ఎత్తను."

చెప్పి ఊరుకుంది. నా ముందు వంగే ఉంది, ఆ మోకాళ్ళ నొప్పులతోనే. కిటికీ దగ్గర పెద్దాయన కోసం ఎలా ఆగిందో అలాగే ఆగింది. ఎంతసేపో నాకు తెలియదు. నాకు ఏలూరు గుర్తొచ్చింది, ఫైలు గుర్తొచ్చింది, సునీత పిలిచిన 'అక్క' గుర్తొచ్చింది. సిగ్గుతో ఏడుపొచ్చింది. తలూపాను.

ఆ వారం మేమిద్దరం టీ రూమ్‌లోనూ, ఆదివారం చర్చి అయ్యాక ఆవరణలోనూ, కొందరి ఫ్లాట్లకు వెళ్ళీ పదకొండు మందితో మాట్లాడాం. నేను చేసింది ముందు చెప్పేదాన్ని, తరవాత ఫారం చదివేదాన్ని. కొందరు తిట్టారు. తినాల్సిన తిట్లే. తొమ్మిది మంది పథకంలో ఉంటామన్నారు. ఇద్దరు, అరవై ఐదేళ్ళ దాకా ముట్టుకోలేని డబ్బు తమకొద్దన్నారు. నేను ఆ ఇద్దరికీ నచ్చచెప్పబోతే ఆంటీ నా చెయ్యి నొక్కింది. "తెలిసి వద్దంటున్నారు. ఇంక మనం కదిలిచ్చకూడదు," అంది.

ఆ తరవాత ఇద్దరం గ్రెగ్ గదిలోకి వెళ్ళాం. తేదీ లేని ఫారాలు ఇక తీసుకోననీ, తీసుకున్నవాటిలో మిగిలినవి చించేశాననీ, అప్పటికే ఫారాలు పన్నుల శాఖకు వెళ్ళిపోయినవాళ్ళలో మళ్ళీ చేరతామన్నవాళ్ళ చేత చేరే ఫారాలు నింపించాననీ ఒక్క గుక్కలో చెప్పేశాను. అతని ముఖం ఎర్రబడింది. నా రెసిడెన్సీ ఉత్తరం గురించి ఆలోచించుకున్నావా అని అడిగాడు. అడిగేటప్పుడు కిటికీవైపు చూస్తూ అడిగాడు.

నేను బదులు చెప్పేలోపు ఆంటీ అతని బల్ల పక్కనుంచి తిరిగి అతని ముందుకు వచ్చింది. కుర్చీలో కూర్చున్న అతనూ నిలబడ్డ ఆవిడా ఇంచుమించు ఒకే ఎత్తు. చాలా నెమ్మదిగా, ఇంగ్లీషులో, వార్డులో ముసలివాళ్ళతో మాట్లాడే గొంతుతోనే చెప్పింది. "గ్రెగ్, నేనేం చేయబోతున్నానో ముందే చెబుతున్నాను. ఈ పిల్ల ఉద్యోగం పోతే నేను మళ్ళీ వెల్లింగ్టన్ వెళ్తాను. వాళ్ళకు నా ముఖం గుర్తుంది. వెళ్ళాలని నాకు లేదు, అక్కడ గాలి ఎక్కువ." చెప్పి ఊరుకుంది. తలూపు కోసం ఆగింది.

అతను తలూపలేదు. పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. రెండు రోజులు నేను అన్నం సహించక, సామాన్లు మనసులోనే సర్దుకుంటూ గడిపాను. మూడో రోజు గ్రెగ్ తనే ఆఫీసులోకి వచ్చి, ఆ ఖాళీ ఫారాల కట్టను రీసైక్లింగ్ డబ్బాలో పడేశాడు. "ఇక మీ పద్ధతిలోనే చేయి," అని, నా ఉత్తరం సంతకం చేసి బల్ల మీద పెట్టాడు. అప్పటికి ఆంటీ డైనింగ్ హాల్లో ఎవరికో చారు తాగిస్తోంది. పరిగెత్తుకెళ్ళి చెబితే, "మంచిది. అరవమాక, ఈవిడ ఉలిక్కిపడ్తది," అంది.

మరుసటి ఏడు నాకు రెసిడెన్సీ వచ్చింది. అప్పటిదాకా వర్క్ పర్మిట్ మీద ఉన్న నాకు పథకంలో చేరే వీల్లేదు. పాస్‌పోర్టులో స్టిక్కర్ పడ్డ మర్నాడే ఫారం ప్రింట్ తీసి, నింపడానికి కలం తీశాను. నాకు కంఠతా వచ్చిన ఫారమది. ఆంటీ వచ్చి పక్కన కుర్చీ వేసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు వరస కిందపెట్టి, కూడబలుక్కుంటూ నాలుగు పేజీలూ చదివి వినిపించింది. తను ఎన్నటికీ చేరలేని పథకం అది. చివర నావైపు తిరిగి అడిగింది. "తెలిసిందా అమ్మా? నీకు ఇష్టమేనా?" నేను తలూపాకే కలం పెట్టనిచ్చింది.

మొదటి ఇంటికి మాత్రం ఆ డబ్బు ముందే తీసుకోనిస్తారు కాబట్టి, కొన్నేళ్ళకు సునీత ఆ పొదుపుతోనే హెండర్సన్‌లో ఇల్లు కొనుక్కుంది. గృహప్రార్థనకు ఆంటీ కర్ర పట్టుకుని వచ్చింది. సునీత అందరి ముందూ నన్ను 'అక్కా' అని పిలిచినప్పుడు, ఆంటీ నావైపు చూసి కొంటెగా కళ్ళెగరేసింది. తరవాత ఆవిడకు కూడా వీల్‌చైర్ అవసరమైంది. చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా నేను ముందుకొచ్చి, వంగి, ఎండలోకి వెళ్దామా ఆంటీ అని అడిగేదాన్ని. తెలిసీ కావాలనే నిమిషం సేపు తలూపకుండా నన్ను ఆపేది. ఇప్పుడావిడ లేదు.

ఇవాళ చేరిన అమ్మాయి పేరు అడిగాను, టీ ఇచ్చాను. ఇరవై మూడేళ్ళుంటాయి, కాగితాలు చూడగానే, "ఎక్కడ సైన్ చేయాలి మేడమ్?" అని కలం కోసం చెయ్యి చాపింది. "కాసేపాగమ్మా," అని బల్లకు ఆవలి నుంచి లేచి, కుర్చీ ఆమె ముందుకు లాక్కుని కూర్చున్నాను. జీతంలోంచి ఏం పోతుందో, కంపెనీ ఎంత వేస్తుందో, వద్దనుకుంటే ఎప్పుడు ఎలా చెప్పొచ్చో మొత్తం చెప్పాను. చెప్పి ఊరుకున్నాను. ఆ అమ్మాయి రెండు ప్రశ్నలు అడిగింది. ఇంట్లో అడిగి చెప్పొచ్చా అంది. చెప్పొచ్చన్నాను. మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి తనే చదువుకుంది. కాగితాలు ఎప్పుడో చల్లారిపోయాయి. చివరికి తలెత్తి, నన్ను చూసి, తలూపింది.

అప్పుడు కలం ఇచ్చాను.